నిర్ణయం అయిపోకముందే మాట్లాడటం ఎలా: బహుళజాతి కంపెనీలో ఉద్యోగుల ప్రతినిధికి ఒక గైడ్

ప్రతినిధిగా ఎన్నికయ్యాక మొదటి మీటింగులోనే మీకు ఈ మాట వినిపిస్తుంది: "మా చేతుల్లో ఏమీ లేదండీ, పైనుంచి వచ్చింది." ఎదురుగా కూర్చున్న మేనేజర్ అబద్ధం చెబుతున్నాడని అనుకోకండి. బహుళజాతి కంపెనీలో పని జరిగేది ఒక దేశంలో, ఆ పని ఉండాలా వద్దా అని తేలేది ఇంకో దేశంలో. మీరు మాట్లాడేది మొదటి దేశంలో ఉన్న మనిషితో. మీటింగులు ఏళ్ల తరబడి జరిగినా ఏమీ కదలకపోవడానికి చాలాచోట్ల అసలు కారణం ఇదే.

నేను కొన్నేళ్లు ఆ బల్లకు ఇవతలి వైపు కూర్చున్నాను. నిర్ణయం ఖాయమయ్యాక ఎంత గట్టి వాదన చేసినా "మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం" అని పక్కన పెట్టేస్తారు. అదే నిర్ణయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు అడిగిన చిన్న ప్రశ్న దాని దిశ మార్చడం కళ్లారా చూశాను. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఆ పచ్చిగా ఉన్న సమయాన్ని ఎలా పట్టుకోవాలన్నదాని చుట్టూనే తిరుగుతుంది.

ఎవరు ఏం తేలుస్తారో ముందు కాగితం మీద పెట్టండి

ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో మీ వాళ్లు తరచూ అడిగే విషయాలు రాయండి: షిఫ్టులు, సెలవులు, ఓవర్‌టైమ్, జీతాల పెంపు, కొత్త నియామకాలు, పనిని బయటి కాంట్రాక్టుకు ఇవ్వడం, కొత్త సాఫ్ట్‌వేర్‌తో పనితీరు కొలవడం, ఒక విభాగాన్ని మూసేయడం. రెండో గడిలో ఒక్కోదానికీ చివరి సంతకం ఎవరిదో రాయండి. షిఫ్టులు సాధారణంగా సైట్ మేనేజర్ దగ్గరే తేలుతాయి. జీతాల పెంపు శాతాన్ని దేశస్థాయి హెచ్‌ఆర్ ప్రతిపాదిస్తుంది, దాని బడ్జెట్ మాత్రం ప్రాంతీయ ఆఫీసు ఇస్తుంది. మూసివేతలు, విలీనాలు, ఏ ప్రోడక్ట్ ఎక్కడ తయారుచేయాలన్నది హెడ్ ఆఫీస్ బోర్డు దాకా వెళ్తాయి. మీ కంపెనీలో ఇది వేరుగా ఉండొచ్చు. అందుకే ఊహించకుండా అడిగి రాసుకోండి.

మూడో గడి అన్నిటికంటే ముఖ్యం: ఆ విషయం ఏ నెలలో తేలుతుంది? బడ్జెట్ ఏ నెలలో మొదలై ఏ నెలలో ఖాయమవుతుందో తెలిస్తే మీ డిమాండ్ ఎప్పుడు పెట్టాలో తెలిసినట్టే. బడ్జెట్ మూసేసిన నెల తర్వాత జీతాల గురించి మాట్లాడటం మొదలుపెట్టే ప్రతినిధులు చాలామంది ఉన్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు ఆ క్యాలెండర్ ఎవరూ చెప్పలేదు.

కాగితం నిండాక ఒక లేఖ రాయండి. "ఈ ఈ విషయాల మీద మీటింగుకు వచ్చే మేనేజ్‌మెంట్ ప్రతినిధికి నిర్ణయం తీసుకునే అధికారం ఉందా? లేకపోతే ఎవరికి ఉంది? వాళ్లను మీటింగుకు పిలవండి." ఇలా అడగడం దురుసుతనం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్‌ఓ, బహుళజాతి సంస్థల గురించి 1977లో ఒక ప్రకటన చేసింది. చర్చలో ఉన్న విషయాల మీద నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మేనేజ్‌మెంట్ ప్రతినిధులతో మాట్లాడే అవకాశం ఉద్యోగుల ప్రతినిధులకు ఉండాలని అందులో నేరుగా రాసి ఉంది. ఆర్థిక సహకారం కోసం ఎక్కువగా సంపన్న దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ ఓఈసీడీ 1976లో తెచ్చి, 2011లోనూ 2023లోనూ సవరించిన మార్గదర్శకాలు కూడా ఇదే అడుగుతాయి. ఇవి చట్టంలా బలవంతం చేయలేవు. కానీ చాలా పెద్ద కంపెనీలు తమ వార్షిక నివేదికల్లో వీటిని పాటిస్తామని రాసుకుంటాయి. ఆ పేజీ వెతికి, మీ లేఖకు జత చేయండి.

మీకున్నది ఏ హక్కో తెలుసుకోండి

సమాచారం, సంప్రదింపు, బేరం. ఈ మూడూ ఒకటి కావు. వీటిని కలిపేసి మాట్లాడితే నష్టపోయేది మనమే.

సమాచారం అంటే విషయాన్ని అర్థం చేసుకుని పరిశీలించడానికి సరిపడేంత వివరాన్ని మేనేజ్‌మెంట్ మీకు ఇవ్వడం. సంప్రదింపు అంటే మీరు అభిప్రాయం చెప్పడానికి, దాన్ని లెక్కలోకి తీసుకోవడానికి వీలున్న సమయంలో ఇద్దరూ కూర్చుని మాట్లాడటం. బేరం అంటే ఇద్దరూ సంతకం పెట్టే ఒప్పందం కోసం చర్చించడం. కొన్ని దేశాల్లో నాలుగోది కూడా ఉంది: జర్మనీలో పనివేళల లాంటి కొన్ని విషయాల్లో వర్క్స్ కౌన్సిల్, అంటే ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధుల మండలి, ఒప్పుకోకుండా యాజమాన్యం ముందుకు వెళ్లలేదు. అక్కడ 2000 మందికి మించి ఉద్యోగులున్న పెద్ద కంపెనీల్లో, మేనేజ్‌మెంట్ మీద కన్నేసి ఉంచే పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు ఉద్యోగుల వైపువే. ఆ చట్టం 1976 నాటిది.

మీ కంపెనీకి యూరోపియన్ యూనియన్‌లో ఉద్యోగులుంటే ఇంకో వేదిక ఉండే అవకాశం ఉంది. 1994లో వచ్చి 2009లో తిరగరాసిన డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లో పెట్టుకోవాల్సిన యూనియన్ నియమం) ప్రకారం, సభ్యదేశాల్లో కలిపి కనీసం 1000 మంది, వాటిలో కనీసం రెండు దేశాల్లో ఒక్కోచోట కనీసం 150 మంది ఉంటే యూరోపియన్ వర్క్స్ కౌన్సిల్ కోరవచ్చు. అది తనంతట తాను పుట్టదు. కనీసం రెండు దేశాల నుంచి కలిపి కనీసం 100 మంది ఉద్యోగులు గానీ వాళ్ల ప్రతినిధులు గానీ రాసి అడగాలి, లేదా మేనేజ్‌మెంటే మొదలుపెట్టాలి. మీరు ఆ దేశాల్లో లేకపోయినా దీని గురించి తెలుసుకోవడం వృథా కాదు. కంపెనీ మొత్తానికి సంబంధించిన వార్త ముందుగా చేరేది తరచూ ఆ కౌన్సిల్‌కే. అందులో ఉన్నవాళ్లతో పరిచయం ఉంటే మీ బల్ల మీదకు రాబోయేది ఏమిటో ముందే ఒక అంచనా దొరుకుతుంది. కొన్ని కంపెనీల ఒప్పందాల్లో బయటి దేశాల ప్రతినిధులను పరిశీలకులుగా కూర్చోనిచ్చే ఏర్పాటు కూడా ఉంది. అడిగి చూడండి.

సమయం ఎంత ముఖ్యమో చెప్పడానికి విల్‌వోర్డ్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1997 ఫిబ్రవరి 27న ఫ్రాన్స్‌కు చెందిన కార్ల కంపెనీ రెనో బెల్జియంలోని విల్‌వోర్డ్ ఫ్యాక్టరీని మూసేస్తున్నట్టు ప్రకటించింది. దాదాపు 3,100 మంది పనిచేసే చోటు. ఉద్యోగుల ప్రతినిధులతో ముందుగా సంప్రదించలేదు. బెల్జియంతో పాటు ఫ్రాన్స్, స్పెయిన్‌లలోని రెనో కార్మికులు కూడా కలిసి పని ఆపారు. ఏప్రిల్‌లో బెల్జియం కోర్టు, ఫ్రాన్స్ కోర్టు రెండూ సంప్రదింపు నియమాలను ఉల్లంఘించారని తేల్చాయి. కోర్టులో గెలిచారు, దేశాలు దాటి కలిసి నిలబడ్డారు. ఫ్యాక్టరీ మాత్రం అదే ఏడాది మూతపడింది. ఆ కేసు తర్వాతి చట్టాలు గట్టిపడటానికి పనికొచ్చింది. అక్కడ పనిచేసినవాళ్లకు మాత్రం ఆలస్యమైపోయింది.

ముందు మీలో మీరు కూర్చోండి

మేనేజ్‌మెంట్‌తో మీటింగుకు ముందు, వాళ్లెవరూ లేకుండా, మీ ప్రతినిధులంతా కనీసం ఒక పూట కూర్చోవాలి. ఇది ఖాళీ సమయంలో చేసే పని కాదు. ప్రతినిధులు తమ పని సక్రమంగా, త్వరగా చేయడానికి తగిన వసతులు కంపెనీ కల్పించాలని ఐఎల్‌ఓ 135వ ఒడంబడిక (1971) చెబుతుంది. దానితో పాటు వచ్చిన సిఫారసులో జీతం కోత లేకుండా సమయం ఇవ్వాలని ఉంది. మీ దేశం ఆ ఒడంబడికను ఆమోదించిందో లేదో చూసుకోండి. ఆమోదించకపోయినా అడగడానికి అది గట్టి ఆధారం.

అదే ఒడంబడికలో ఇంకో మాట ఉంది. ఒకేచోట యూనియన్ ప్రతినిధులూ, ఉద్యోగులు నేరుగా ఎన్నుకున్న ప్రతినిధులూ ఉంటే, రెండోవాళ్లను అడ్డుపెట్టుకుని యూనియన్‌ను బలహీనపరచకూడదు. మీరు యూనియన్ సభ్యులు కాకుండా ఎన్నికైనవారైతే ఇది మీ బాధ్యత కూడా. యూనియన్‌తో మాట్లాడకుండా మిమ్మల్ని ఒక్కరినే పిలిస్తే, వెళ్లేముందు వాళ్లకు ఒక ఫోన్ చేయండి.

ఆ పూటలో ఏం చేయాలి? ఫిర్యాదులన్నీ చదవండి. అందులో మూడింటిని ఎంచుకోండి, నాలుగోది వద్దు. ఇరవై అంశాల అజెండా పట్టుకుని వెళ్తే మేనేజ్‌మెంట్ తేలికైన పదిహేడింటికి "సరే" అనేసి టైమ్ అయిపోయిందంటుంది. రాత్రి షిఫ్టువాళ్ల మాట, కాంట్రాక్టు ఉద్యోగుల మాట, ఇంటి నుంచి పనిచేసేవాళ్ల మాట విన్నారా అని ఒకసారి చూసుకోండి. వీళ్లు మీ దగ్గరకు రారు, మీరే వెళ్లాలి. తర్వాత ఎవరు మాట్లాడతారు, ఎవరు రాస్తారు, ఎవరు ఎదుటివాళ్ల ముఖాలు గమనిస్తారు అని పంచుకోండి. అందరూ మాట్లాడితే ఎవరూ వినరు.

వేరే దేశాల్లోని మీలాంటివాళ్లను కూడా వెతకండి. "అవతలి సైట్‌లో ఇలా ఒప్పుకున్నారు, అందుకే ఇక్కడా చేస్తున్నాం" అని రెండు సైట్లలోనూ ఒకే మాట చెప్పడం నేను విన్నాను. రెండు సైట్ల ప్రతినిధులు ఒకరికొకరు ఒక మెసేజ్ పంపుకునేసరికి ఆ మాట ఆగిపోయింది.

సమాచారం అడగడం

"దయచేసి పూర్తి వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే మీకు స్లైడ్లు వస్తాయి. రాత్రి తొమ్మిదింటికి వస్తాయి, మీటింగ్ మర్నాడు పదింటికి ఉంటుంది. అందులో బాణాలు, రంగురంగుల గుండ్రాలు, "భవిష్యత్తుకు సిద్ధంగా" లాంటి మాటలు ఉంటాయి. ఎంతమంది ఉద్యోగాల మీద ప్రభావం పడుతుందన్నది ఎక్కడో చివరి స్లైడులో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అసలు లేకపోనూ వచ్చు.

కాబట్టి వచ్చేది ఏమిటో మీరే నిర్ణయించండి. పునర్వ్యవస్థీకరణ వార్త వినగానే నేను పంపే ప్రశ్నలు ఇవి, కాస్త అటూ ఇటూగా:

ఈ నిర్ణయం తీసుకున్నారా, తీసుకోబోతున్నారా? తీసుకోబోతుంటే ఏ తేదీన, ఏ సమావేశంలో? కారణం ఏమిటి, దానికి ఆధారమైన లెక్కలు ఏవి? ఇంకా ఏయే దారులు ఆలోచించారు, వాటిని ఎందుకు వద్దనుకున్నారు? ఏ విభాగంలో, ఏ షిఫ్టులో, ఎంతమందికి ఏం మారుతుంది? మిగిలినవాళ్ల మీద పనిభారం ఎంత పెరుగుతుంది? ఇదే మార్పు ఇంకే దేశాల్లో జరుగుతోంది, అక్కడి ప్రతినిధులకు ఏం చెప్పారు?

మొదటి ప్రశ్న దగ్గర ఆగండి. దానికి జవాబు రాతలో వచ్చేదాకా మిగతావాటిలోకి వెళ్లకండి. "తీసుకున్నాం" అంటే మీతో సంప్రదించే బాధ్యత ఉండి కూడా పాటించలేదని వాళ్లే ఒప్పుకున్నట్టు. "ఇంకా తీసుకోలేదు" అంటే మీ అభిప్రాయానికి చోటు ఉందని ఒప్పుకున్నట్టు. రెండు జవాబులూ మీకు పనికొస్తాయి. అందుకే ఈ ప్రశ్నకు నోటితో జవాబు తేలిగ్గా చెబుతారు, రాయడానికి మాత్రం వెనకాడతారు.

సమాచారం ఆలస్యంగా వస్తే మీటింగులో కూర్చోండి, కానీ దాన్ని సంప్రదింపు అని ఒప్పుకోకండి. "ఈరోజు వివరణ వింటున్నాం. పత్రాలు చదివాక, ఫలానా తేదీన మా అభిప్రాయం చెబుతాం" అని మొదటి నిమిషంలోనే చెప్పి, మినిట్స్‌లో, అంటే మీటింగులో ఏం జరిగిందో రాసే పత్రంలో, రాయించండి. లెక్కలు అర్థం కాకపోతే నిపుణుడి సాయం అడగండి. చాలా ఒప్పందాల్లో ఆ ఖర్చు కంపెనీయే భరించే ఏర్పాటు ఉంటుంది.

మీటింగ్ గదిలో

భాష గురించి సిగ్గుపడకండి. కంపెనీ భాష ఇంగ్లిష్ అయినంత మాత్రాన మీ హక్కు గురించి మీకు ఇంగ్లిష్‌లోనే అర్థం కావాలన్న రూలేమీ లేదు. అనువాదకుడిని ముందుగానే అడగండి. దొరక్కపోతే "నెమ్మదిగా, ఒక్కో పాయింటు తర్వాత ఆగి" అని అడగండి. వీడియో కాల్‌లో హెడ్ ఆఫీసువాళ్లు పెద్ద స్క్రీన్ మీద, మీరు ఒక మూల చిన్న చతురస్రంలో ఉంటారు. మాట కలపడానికి సందు దొరకదు. ప్రతి అంశం తర్వాత ప్రతినిధులకు ఐదు నిమిషాలు అని అజెండాలోనే రాయించుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

కొత్త ప్రతిపాదన గదిలో హఠాత్తుగా వస్తే వెంటనే అవుననీ కాదనీ అనకండి. విరామం అడగండి. బయటకు వెళ్లి పది నిమిషాలు మాట్లాడుకుని రండి. విరామం అడగడం బలహీనత అనుకుని టెన్షన్‌తో అక్కడికక్కడే జవాబు చెప్పిన ప్రతిసారీ నేను తర్వాత బాధపడ్డాను.

కోపం వస్తుంది. రావడంలో తప్పు లేదు, వెనక ఉన్నవి మనుషుల బతుకులు. కానీ ఎదుట ఉన్న స్థానిక మేనేజర్‌ను అవమానిస్తే, లోపల మీ మాట మోసుకెళ్లగల ఒకే ఒక్క మనిషిని పోగొట్టుకుంటారు. ఆయనకు కూడా ఆ సైట్ నడవాలనే ఉంటుంది. "ఈ విషయం మీరు పైకి చెప్పాలంటే మా నుంచి మీకేం కావాలి?" అని అడిగి చూడండి. ఒకసారి నాకు వచ్చిన జవాబు: "ఒక పేజీ. అంతకు మించితే అక్కడ ఎవరూ చదవరు." ఆ ఒక్క పేజీ రాయడానికి మాకు రెండు రోజులు పట్టింది. అందులో మేం రాసిందల్లా ఒక లెక్క: అనుభవం ఉన్న ఎంతమంది ఎంత కాలంలో వెళ్లిపోతారో, కొత్తవాళ్లకు పని నేర్పడానికి ఎన్ని వారాలు పడుతుందో. ఆ మార్పును ఆరు నెలలు వాయిదా వేశారు, ఈలోపు చాలామందికి వేరే విభాగాల్లో చోటు దొరికింది.

మినిట్స్

ఈ పని అందరికీ విసుగు. అందుకే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

నేను కొత్తగా ఉన్నప్పుడు షిఫ్టుల మార్పు గురించి ఒక వీడియో మీటింగ్ జరిగింది. వేగంగా మాట్లాడారు, మాకు సగమే అర్థమైంది, మర్యాదగా ఉండాలని ఊరుకున్నాం. నాలుగు రోజుల తర్వాత మినిట్స్ వచ్చాయి. అందులో ఒక వాక్యం: "షిఫ్టుల మార్పును ప్రతినిధులకు వివరించడమైనది. అభ్యంతరాలు వ్యక్తం కాలేదు." చదివాం, నిజమే కదా అనుకుని సంతకం పెట్టాం. మూడు నెలల తర్వాత రాత్రి షిఫ్టువాళ్లు అడ్డం తిరిగితే, వాళ్లకు పంపిన నోటీసులో ఆ వాక్యం "ప్రతినిధుల ఆమోదంతో" అని మారిపోయి ఉంది. చంటిపిల్లాడున్న ఒక తల్లి ఆ నోటీసు నా ముందు పెట్టి "మీరే ఒప్పుకున్నారటగా" అంది. నేను ఒప్పుకోలేదు. కానీ సంతకం నాదే. ఆరోజు ఆమెకు చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

అప్పటి నుంచి మూడు పద్ధతులు వదల్లేదు. ఒకటి, మా వైపు నుంచి విడిగా ఒకరు రాయడం, ఆ రోజే సరిచూసుకోవడం. రెండు, మినిట్స్‌లో "వివరించారు", "చర్చించారు", "ఒప్పుకున్నారు" అనే మాటల్లో ఏది ఎక్కడ ఉందో గీత గీసి చూడటం. మూడు, మేం ఏమీ అనని చోట "ప్రతినిధులు తమ అభిప్రాయం తర్వాత చెబుతారు" అని చేర్చమని అడగడం. చేర్చకపోతే సంతకం పెట్టకుండా, ఎందుకు పెట్టలేదో మెయిల్ రాయడం.

రహస్యం అన్నప్పుడు

కొన్ని వివరాలు నిజంగానే రహస్యం, ముఖ్యంగా షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీల్లో. అవి బయటపెడితే మీ మీద చట్టపరమైన చర్య కూడా ఉండొచ్చు. కాబట్టి తేలిగ్గా తీసుకోకండి. అయితే ప్రతి స్లైడ్ మీదా "రహస్యం" అని ముద్ర వేసి ఇస్తే, ఏది, ఎందుకు, ఎప్పటిదాకా అని మూడు ప్రశ్నలు అడగండి. మీటింగ్ ముగిసేముందే ఉద్యోగులకు ఏం చెప్పవచ్చో ఇద్దరూ కలిసి నాలుగు వాక్యాలు రాసుకోండి. ఎన్నుకున్నవాళ్లకు తిరిగి చెప్పడం మీ పనిలో సగం. మీరు ఏమీ చెప్పకపోతే వదంతులు చెబుతాయి. చెప్పలేనిది ఉంటే "ఇది ఫలానా తేదీ దాకా చెప్పలేను" అని నేరుగా చెప్పండి. జనం దాన్ని అర్థం చేసుకుంటారు, మాట దాటేస్తే మాత్రం క్షమించరు.

ఎక్కడా కదలకపోతే

ముందు మీ అభిప్రాయాన్ని రాతలో, ప్రత్యామ్నాయంతో సహా ఇవ్వండి. దానికి కారణాలతో కూడిన జవాబు అడగండి. రాకపోతే దేశస్థాయి యూనియన్ ద్వారా మీ రంగంలోని యూనియన్ల ప్రపంచ సమాఖ్యను కలవండి. తయారీ, గనులు, ఇంధనం అయితే ఇండస్ట్రీఆల్, సేవారంగం అయితే యూఎన్‌ఐ, ఆహారం, హోటళ్లు అయితే ఐయూఎఫ్. 1988లో ఐయూఎఫ్‌తో ఇప్పటి డానోన్ కంపెనీ చేసుకున్న అవగాహన ఇలాంటి ప్రపంచస్థాయి ఒప్పందాల్లో మొదటిదిగా చెబుతారు. మీ కంపెనీకి అలాంటి ఒప్పందం ఉందేమో చూడండి. ఉంటే హెడ్ ఆఫీసులో మీ ఫిర్యాదు చదవాల్సిన మనిషి పేరు దాని ద్వారా దొరుకుతుంది.

"ఎక్కువ మాట్లాడితే ఈ పని వేరే దేశానికి వెళ్తుంది" అని ఎవరైనా అంటే తేదీ, సమయం, అన్నవాళ్ల పేరు, అక్కడున్నవాళ్ల పేర్లు అప్పుడే రాసుకోండి. చర్చలను ప్రభావితం చేయడానికి తరలింపు బెదిరింపు వాడకూడదని ఐఎల్‌ఓ ప్రకటనా, ఓఈసీడీ మార్గదర్శకాలూ రెండూ చెబుతున్నాయి. ఓఈసీడీ మార్గదర్శకాలకు కట్టుబడిన 50కి పైగా దేశాల్లో ఒక్కోచోట ఒక జాతీయ సంప్రదింపు కేంద్రం ఉంటుంది. అక్కడ ఫిర్యాదు ఇవ్వవచ్చు, మీ హెడ్ ఆఫీస్ ఉన్న దేశంలో కూడా. అది శిక్ష వేయదు, మధ్యవర్తిత్వం చేస్తుంది, చివరికి ఒక ప్రకటన బయటపెడుతుంది. నెలలు పడుతుంది. కాబట్టి మీ దేశ చట్టం ఇచ్చే దారులను, గడువులను ఈలోపు వదులుకోకండి. సమ్మె గురించి యూనియన్ న్యాయవాదితో మాట్లాడకుండా ఒక్క అడుగు కూడా వేయకండి, నోటీసు నియమాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి.

మేనేజ్‌మెంట్ వైపు ఉండి ఇది చదువుతున్నవారికి ఒక విన్నపం. "ఇంకా ఖాయం కాలేదు, అందుకే చెప్పలేదు" అని మీరు అనే ఆ సమయమే మాకు కావలసింది. ఖాయం కాని విషయాన్ని ఖాయం కాలేదని చెప్పే ఇవ్వండి. దాన్ని పట్టుకుని గొడవ చేస్తారని భయపడతారు గానీ, నేను చూసిన గొడవలన్నీ ఆలస్యంగా తెలిసినవాటి మీదే.

మీటింగ్ ముగిసేటప్పుడు ఒక పేజీ తయారుచేయండి: ఎవరు, ఏం చేస్తామన్నారు, ఏ తేదీకి. ఇద్దరి దగ్గరా ఒకే కాపీ ఉండాలి. తర్వాతి మీటింగ్ తేదీ కూడా ఆ పేజీలోనే రాయించి, ఆ మీటింగులో మొదటి అంశంగా దాన్నే చదివించండి.